చింతగింజలతో చీటీ పాట: తొమ్మిదో తరగతి డబ్బు లెక్కల డైరీ

మదనపల్లె దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతిలో 34 మంది. జులై నుంచి ఫిబ్రవరి దాకా, వీలైన వారాల్లో రెండేసి పీరియడ్లు, పాఠ్యపుస్తకం మూసి ఇంటి డబ్బు, బజారు డబ్బు లెక్కలు చేయించాను. ఈ ఆలోచన ఎలా వచ్చిందో, మొదటి రోజు పిల్లలు ఎంత సంబరపడ్డారో రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఎక్కడ బోల్తా పడ్డానో, ఏమి మార్చానో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. పీరియడ్ అంటే 40 నిమిషాలు. ఖర్చు అంతా నా జేబు నుంచే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక ప్రశ్న: వడ్డీ వ్యాపారి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తాడు. బ్యాంకు 9 శాతం వడ్డీకి ఇస్తుంది. ఎక్కడ వడ్డీ ఎక్కువ? 34 మందిలో 21 మంది బ్యాంకు అని రాశారు. ఒకడు కారణం కూడా చూపించాడు: "రెండు కన్నా తొమ్మిది పెద్దది." ఈ 21 అన్న అంకెను గోడమీద కాగితంపై రాసి అంటించాను. ఏడాది చివర దీనితోనే పోల్చుకోవాలి.

మొదటి దశ: ఇంటి ఖర్చుల పుస్తకం (విఫలం)

చేసినది:
1. తలా ఒక నోటుపుస్తకం ఇచ్చాను.
2. రోజూ ఇంట్లో అయిన ఖర్చు రాసుకురమ్మన్నాను.
3. శుక్రవారం పుస్తకాలు మార్చుకుని పక్కవాళ్ల కూడికలు సరిచూడమన్నాను.

మూడో మెట్టు దగ్గరే కొంప మునిగింది. ఒక పిల్లవాడు వాళ్ల నాన్న తాగుడుకు పెట్టే ఖర్చు ఏ రోజుకారోజు నిజాయితీగా రాశాడు. పక్కవాడు దాన్ని పైకి చదివాడు. తరగతి నవ్వింది. వాడు ఆ పేజీలు చించేసి రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వాళ్ల అమ్మ వచ్చింది. గొంతు పెంచలేదు. "మా ఇంటి లెక్క మీకెందుకు మేడం?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. క్షమించమన్నాను. పుస్తకాలన్నీ చదవకుండా ఆ సాయంత్రమే వెనక్కి ఇచ్చేశాను.

మార్చినది: ఏ పిల్లనూ సొంత ఇంటి ఆదాయం, అప్పు, ఖర్చు అడగకూడదని నియమం పెట్టుకున్నాను. దానికి బదులు బోర్డు మీద ఒక కాగితపు కుటుంబాన్ని పుట్టించాం. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ కుట్టుపని చేస్తుంది, ఇద్దరు పిల్లలు, ఒక అవ్వ. నెలకు 18,000 ఆదాయం. తరగతిని ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపునూ ఆ కుటుంబానికి బడ్జెట్ వేయమన్నాను.

అదీ మొదటిసారి కుదరలేదు. ఒక గుంపు ఇంటద్దె 500 వేసింది. ఇంకో గుంపు వంటనూనె, గ్యాస్ రెండూ మరిచిపోయింది. తిండి వాటా ఒక గుంపులో 28 శాతం, మరో గుంపులో 61 శాతం వచ్చింది. అప్పుడు ఇంకో నియమం చేర్చాను: ఏ ఖర్చు రాసినా దానికి ధర ఎవరిని అడిగారో పక్కన రాయాలి. దుకాణం, పాలవాడు, గ్యాస్ రసీదు, ఏదైనా సరే. రెండోసారి ఆరు గుంపుల తిండి వాటా 41 నుంచి 52 మధ్యకు వచ్చింది. దేశంలో ధరల పెరుగుదల కొలిచే వినియోగదారుల ధరల సూచీలో, 2012 ఆధార సంవత్సరంగా కట్టిన వరుసలో, తిండి పానీయాల వాటా 45.86 శాతమని అప్పుడు చెప్పాను. ఇదే మాట మొదటి రోజు చెప్పి ఉంటే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవాళ్లు. ఇప్పుడు మాత్రం 46కు దగ్గరగా వచ్చిన గుంపు ఆటలో గెలిచినట్టు కేకలు వేసింది.

ఇప్పటికి: నోటుపుస్తకాలు 34 × 20 = 680 రూపాయలు (అంతా దండగ). పీరియడ్లు 6.

రెండో దశ: టమోటా

మా ప్రాంతంలో గిరాకీ, సరఫరా పాఠానికి టమోటాను మించిన వస్తువు లేదు. మార్కెట్ యార్డు దగ్గరే ఉంది. తరగతిలో సగం ఇళ్లకు ఆ పంటతో ఏదో ఒక లావాదేవీ ఉంటుంది. అయినా మొదటి రెండు వారాల పట్టిక చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది. ఆరుగురు పిల్లలు ధరలు రాసుకొచ్చారు. ఒకే రోజుకు 16, 240, 450, 30 అని నాలుగు అంకెలు. ఎవరూ అబద్ధం రాయలేదు. ఒకరిది కిలో ధర, ఒకరిది 15 కిలోల బాక్సు ధర, ఒకరిది 30 కిలోల బాక్సు ధర. 30 అన్నది మార్కెట్ ధరే కాదు, వీధిలో తోపుడు బండి మీద ధర. పైగా 450 వచ్చింది రెండో రకం కాయకు.

మార్చినది:
1. ధర పక్కన ఎన్ని కిలోలకో తప్పకుండా రాయాలి.
2. ఏ రకం కాయో రాయాలి.
3. రైతుకు వచ్చిన ధరకు నీలం, వినియోగదారు ఇచ్చిన ధరకు ఎరుపు సిరా.

తర్వాత ఆరు వారాలు పట్టిక సజావుగా నడిచింది. అందులో ఒక రోజును విడిగా తీసుకుని నాలుగు పీరియడ్లు దాని మీదే కూర్చున్నాం. ఒక విద్యార్థి తండ్రి తన పంట అమ్మిన లెక్క చీటీ ఇవ్వడానికి తానే ముందుకొచ్చాడు. పేరు ఉన్న భాగం చించి తీసుకున్నాను.

15 కిలోల బాక్సులు 10, కిలో 16 రూపాయల చొప్పున: 2,400
కమీషను: 240
హమాలీ: 40
ఆటో బాడుగ: 300
కోత కూలి, ఇద్దరికి: 600
చేతికి మిగిలినది: 1,220

అంటే కిలోకు 8 రూపాయల 13 పైసలు. నారు, కట్టెలు, మందులు, నీళ్ల ఖర్చు ఇందులోంచే పోవాలి. అదే రోజు వీధిలో కిలో 30. తేడా ఎక్కడికి పోయిందని అడిగితే తరగతి ఒక్క గొంతుతో "దళారి తినేశాడు" అంది. ఈ జవాబు నాకూ చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినదే. ఈసారి కొలిచి చూద్దామనుకున్నాం.

నలుగురు పిల్లలతో ఒక తోపుడు బండి ఆయన దగ్గరకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లాను. ఆయన ఒక బాక్సు 270కి తెచ్చుకున్నాడు, అంటే కిలో 18. పిల్లలు ఆయన తక్కెడ మీదే తూచారు. నలిగినవి, చీకినవి తీసి పక్కన పడేస్తే 1 కిలో 200 గ్రాములు. 30 చొప్పున 11 కిలోల 800 గ్రాములు అమ్ముడుపోయాయి. చీకటి పడ్డాక మిగిలిన 2 కిలోలు 15 చొప్పున వదిలించుకున్నాడు. మొత్తం 354 + 30 = 384. బాక్సు మీద మిగిలినది 114. తేడా 14 రూపాయలను బోర్డు మీద ముక్కలు చేశాం: మధ్య వ్యాపారికి 2, కుళ్లుకూ సాయంత్రపు తగ్గింపుకూ 4.40, బండి ఆయనకు 7.60. ఆయన ఆ 7.60లోంచే బండి అద్దె కట్టాలి, పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడాలి. దళారి అన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కమీషను కిలోకు రూపాయి అరవై పైసలని ఒక అమ్మాయి లెక్కగట్టి, అది మాత్రం ఎక్కువేనని వాదించింది. నేను అడ్డు చెప్పలేదు.

తర్వాతి ప్రశ్న: ధర సగమైతే మీ ఇంట్లో రెండింతలు కొంటారా? "రసంలోకి నాలుగు కాయలు చాలు మేడం. ఊరికే ఇచ్చినా ఎనిమిది వేసుకోం." ఈ ఒక్క వాక్యం మీద పాఠమంతా నిలబడింది. తినేవాళ్లు పెద్దగా మారరు కాబట్టి, కాయ కాస్త ఎక్కువ వస్తే ధర కుప్పకూలుతుంది, కాస్త తగ్గితే చుక్కలనంటుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో నూరు దాటింది. ఆ నెల చింతపండుతోనే సరిపెట్టుకున్నామని పిల్లలకు గుర్తుంది. సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమ రైతులు గిట్టుబాటు కాక కాయను రోడ్డు పక్కన పారబోశారు. నారు నాటిన రెండు నెలలకు గానీ మొదటి కోత రాదు. నూరు రూపాయల ధర చూసి నాటినవాళ్ల పంటంతా ఒకేసారి వస్తే ఏమవుతుందో గీసి చూపించమన్నాను. చాలామంది గీశారు.

ఇప్పటికి: అంతకుముందు 680 + ఆటో 160 + చార్టులు, పెన్నులు 120 = 960 రూపాయలు. పీరియడ్లు 15.

మూడో దశ: ఐదు రూపాయల పాకెట్

దీన్ని త్వరగా ముగిస్తాను. ధర పెరగకుండానే ధర పెరగడం చూపించాలని బిస్కెట్ పాకెట్లు తూచాం. వంటింటి తూకపు యంత్రం ఒకటి 450 పెట్టి కొన్నాను. కొనకండి. ఒకే పాకెట్‌ను మూడుసార్లు పెడితే మూడు రకాలుగా చూపించింది. చివరికి భౌతికశాస్త్రం ల్యాబులోని పాత త్రాసే దిక్కయింది.

ఒక పిల్లవాడు వాళ్ల ఇంట్లో పుస్తకానికి అట్టగా వేసిన పాత పాకెట్ కాగితం తెచ్చాడు. దాని మీద 45 గ్రాములు. ఇప్పటి దాని మీద 40. రెండూ ఐదు రూపాయలవే. బరువు 11.1 శాతం తగ్గింది. గ్రాముకు పడే ధర 12.5 శాతం పెరిగింది. రెండూ ఒకటే కావాలి కదా, ఎందుకు వేరుగా వచ్చాయని అడిగారు. తగ్గింపును 45తో పోల్చాం, పెంపును పాత ధరతో పోల్చాం, దేని మీద శాతం అన్నదే తేడా అని చెప్పాను. సగం మందికి ఎక్కలేదు. ఇంకో రెండు పీరియడ్లు పెట్టాల్సింది, పెట్టలేదు.

ఇప్పటికి: 960 + యంత్రం 450 + పాకెట్లు 12 × 5 = 60, మొత్తం 1,470 రూపాయలు. పీరియడ్లు 19. పాకెట్లు తూచాక తినేశారు.

నాలుగో దశ: చీటీ పాట

అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, నాతో కలిపి. 30 మందిని పదేసి మంది చొప్పున మూడు చీటీలు చేశాను. మిగిలిన నలుగురిలో ముగ్గురు చీటీ నడిపేవాళ్లు, ఒకరు లెక్కలు తనిఖీ చేసేవారు. తలా నెలకు 100, పది నెలలు, చీటీ మొత్తం 1,000. ప్రతి నెలా ఆ మొత్తం పాటలో, అంటే వేలంలో, ఒకరికి దక్కుతుంది. వాళ్లు తగ్గించుకున్నదాన్ని బట్టి ఆ నెల అందరూ కట్టేది తగ్గుతుంది.

మొదటి పొరపాటు: చింతగింజ ఒకటి పది రూపాయలన్నాను. 83 రూపాయలు కట్టాల్సి వస్తే ఎనిమిది గింజల తర్వాత ఏమివ్వాలి? ఒక గింజను పగలగొట్టబోయారు. చింతగింజ పది, కంది గింజ ఒకటి అని మార్చాను.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. పాట మొదలైతే ఎవరూ పాడలేదు. ఉత్తుత్తి గింజల కోసం ఎవరు నష్టపోతారు? చివరి నెల దాకా ఆగితే ఎక్కువ వస్తుందని అందరూ మౌనం. డబ్బు అవసరం లేనిదే చీటీ పాట లేదు. అట్ట ముక్కల మీద అవసరాలు రాసి పంచాను: మోటారు కాలిపోయింది, అక్క పెళ్లి, అవ్వకు కంటి ఆపరేషన్, ఏ అవసరమూ లేదు, దాచుకోవాలి. ఆ మరునాడు పాట పక్క తరగతి టీచరు వచ్చి తలుపు కొట్టేంత జోరుగా సాగింది.

ఆడే పద్ధతి:
1. అవసరమున్నవాళ్లు ఎంత తగ్గించుకుని తీసుకుంటారో పాడాలి. ఎక్కువ తగ్గించుకున్నవాళ్లదే చీటీ.
2. ఆ తగ్గింపులోంచి నడిపేవారికి 50 (చీటీ మొత్తం మీద 5 శాతం).
3. మిగిలినది పదిమందికీ సమానంగా. అంత మేరకు ఆ నెల తక్కువ కట్టాలి.

1982 నాటి చిట్‌ఫండ్ల చట్టంలో నడిపేవారి కమీషను పరిమితి 5 శాతం, 2019 సవరణలో 7 అయింది. లెక్క సులువుగా ఉంటుందని 5 పెట్టుకున్నాం.

ఒక గుంపులో పాట సాగిన తీరు, మొదటి నెల నుంచి పదో నెల దాకా: 250, 220, 200, 180, 150, 120, 100, 80, 60, 50. మొత్తం తగ్గింపు 1,410. నడిపిన పిల్లకు 500. మిగిలిన 910 పదిమందికి పంచితే తలా 91. అంటే ప్రతి ఒక్కరూ పది నెలల్లో కట్టినది 909.

మొదటి నెల మోటారు కోసం పాడినవాడు 750 తీసుకుని 909 కట్టాడు. చివరిదాకా ఆగిన అమ్మాయి 909 కట్టి 950 తీసుకుంది. ఇక్కడ ఆగితే పాఠం సగమే. స్టాఫ్ రూము కంప్యూటర్లో నెలవారీగా వేసి చూపించాను: మొదటివాడికి పడిన వడ్డీ నెలకు నూటికి 4 రూపాయల 30 పైసలకు పైనే. చివరి అమ్మాయికి దక్కినది నెలకు నూటికి రూపాయి చిల్లర. మోటారువాడు తల పట్టుకున్నాడు: "రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుని, చీటీ చివర తీసుకుని ఉంటే పోయేది కదా మేడం." బయట నీకు అంత అప్పు ఎవరిస్తారని వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. దాని మీద పావుగంట నడిచింది. నేను నోరు విప్పలేదు.

తర్వాతి వారం ఆ గుంపుకు చెప్పకుండా ఒక పని చేశాను. అదే పాట కాగితంతో మళ్లీ ఆడించి, ఈసారి నేను నడిపాను. ఆరో నెల గింజలు వసూలు చేసుకుని, సంచి చంకన పెట్టుకుని, స్టాఫ్ రూముకు వెళ్లి కూర్చున్నాను. ఐదు నిమిషాలకు ప్రతినిధి బృందం వచ్చింది. ఇంకా చీటీ తీసుకోని ఐదుగురూ అప్పటికి తలా 518 కట్టారు, మొత్తం 2,590. అవి ఇప్పించమన్నారు. సంచి విప్పి లెక్కపెట్టమన్నాను. 930 ఉన్నాయి.

లెక్క తప్పిందని మూడుసార్లు ఎంచారు. తనిఖీ చేసే పిల్లకు ముందు తట్టింది. "మేడం దగ్గర ఉన్నది ఒక్క నెల డబ్బే. మిగిలినది ముందు పాడుకున్నవాళ్ల దగ్గర ఉంది. వాళ్లు ఇక కట్టకపోతే పోయినట్టే." చీటీ పాడుకున్నవాళ్లను జామీను ఎందుకు అడుగుతారో నేను వివరించాల్సిన పని తప్పింది. ఇరవై ఏళ్లుగా చీటీలు కడుతున్న నాకు ఈ సంగతి ఇంత తేటగా ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పటికి: 1,470 + కందులు 60 + అట్టలు 50 = 1,580 రూపాయలు. చింతగింజలు పిల్లల ఇళ్ల నుంచి, ఊరికే. పీరియడ్లు 27.

ఐదో దశ: ఎగిరిపోయిన రెండు మాటలు

గోడమీది 21 దగ్గరకు వచ్చాను. మన ఊళ్లలో వడ్డీ చెప్పేటప్పుడు "నెలకు" అన్న మాట ఎవరూ పలకరు, అందరికీ తెలుసు కాబట్టి. బ్యాంకు గోడమీద 9 శాతం అని ఉంటే "ఏడాదికి" అన్నది కనీకనిపించని అక్షరాల్లో ఉంటుంది. పలకని ఈ రెండు మాటల మధ్య 21 మంది జారిపడ్డారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12, రెండు రూపాయలంటే 24 అని ఒక్కసారి పక్కపక్కన రాస్తే చాలింది. ఇది ఒక్క పీరియడ్ పని. దీన్ని ఏడాది చివరకు నెట్టడం నా తెలివితక్కువ.

కష్టపడింది వాయిదాల దగ్గర. ఒక ఫోను కోసం 12,000 అప్పు, 12 నెలలు, "12 శాతం వడ్డీ మాత్రమే". అసలు మొత్తం మీద వడ్డీ 1,440 కట్టించుకుంటారు. నెలకు 1,120. మొదట సూత్రం రాశాను. కిటికీ పక్క వరుస నిద్రపోయింది.

రెండోసారి:
1. బల్ల మీద 12 కుప్పలు, ఒక్కోటి 1,000.
2. ప్రతి నెలా ఒక కుప్ప తిరిగి ఇచ్చేయాలి.
3. మీ దగ్గర మిగిలిన కుప్పలకు మాత్రమే, నూటికి రూపాయి చొప్పున వడ్డీ రాయండి.

120, 110, 100 అంటూ చివరకు 10. కూడితే 780. మరి 1,440 ఎలా వచ్చింది? చివరి నెల బల్ల మీద ఒకే కుప్ప ఉంటుంది, వడ్డీ మాత్రం 12 కుప్పలకు కట్టాలి. ఒక అమ్మాయి ఖాళీ అయిన 11 చోట్ల చేయి పెట్టి, "దీనికి కూడానా?" అని ఒక్కోదాన్నీ తట్టుకుంటూ పోయింది. అసలు వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుందని తర్వాత కంప్యూటర్లో చూపించాను. వాళ్లకు ఆ తట్టడమే గుర్తుంది.

పొదుపు సంఘంలో ఉన్న ఒక తల్లిని ఒక పీరియడ్‌కు పిలిచాను. సంఘం అప్పులో అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గడం తన పుస్తకంలోంచి చూపించింది. నాకన్నా బాగా చెప్పింది. మొదటి దశలో నిలదీసిన తల్లి కూడా ఆ రోజు వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. నేను పిలవలేదు.

ఇప్పటికి: 1,580 + జిరాక్సులు 70 = 1,650 రూపాయలు. పీరియడ్లు 33.

ఫిబ్రవరి పరీక్ష (32 మంది రాశారు)

నూటికి రెండు, 9 శాతం ప్రశ్న: తప్పు రాసినవారు ముగ్గురు.
వాయిదాల ప్రశ్న, కొత్త అంకెలతో: సరిగ్గా చేసినవారు 14.
పాకెట్ బరువు, ధర శాతాలు: సరిగ్గా చేసినవారు 11.
బాక్సు బరువు ఇవ్వకుండా టమోటా కిలో ధర అడిగాను: "ఎన్ని కిలోల బాక్సో చెప్పలేదు" అని రాసినవారు 19. మిగిలినవారు ఏదో ఒక అంకె వేశారు.

వచ్చే ఏడాది మార్చేవి: వడ్డీ మాటలు మొదటి వారంలోనే. నోటుపుస్తకాలు, తూకపు యంత్రం లేవు కాబట్టి ఖర్చు 520లో సరిపోతుంది. పాకెట్ పాఠానికి 4 బదులు 6 పీరియడ్లు. బీమా పాఠం ఒకటి మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. కాగితపు కుటుంబంలో ఎవరికి జబ్బు చేయాలో పాచిక వేసి తేల్చబోతే పిల్లలు అవ్వకు రానివ్వలేదు, మళ్లీ మళ్లీ వేశారు. దానికి వేరే దారి వెతకాలి.

చింతగింజలు బీరువాలో పెడితే పురుగు పట్టాయి. మొన్న ఎండలో పోసి చూస్తే మూడో వంతు బోలు. ఈసారి వేయించి దాచమని అటెండర్ చెప్పాడు.